గిన్నె చప్పుడుకు వచ్చే పంది

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం, బెంగళూరులో ఐటీ ఉద్యోగాలు. మూడేళ్ల కిందట కనకపుర రోడ్డులో హారోహళ్లి దాటాక, అడవి అంచున ముప్పావు ఎకరం కొనుక్కుని చిన్న ఇల్లు వేసుకున్నాం. శని, ఆదివారాలు కుటుంబాలతో వెళ్తాం. మిగిలిన అన్నం, అరటిపళ్లు, గుమ్మడికాయ ముక్కలు వంటింటి వెనక వేస్తుంటే అడవి పందులు రావడం మొదలైంది. రెండేళ్లుగా అదే అలవాటు. స్టీలు గిన్నె మీద గరిటెతో నాలుగు దెబ్బలు వేస్తే చాలు, పది నిమిషాల్లో వచ్చేస్తాయి. పెద్ద ఆడపందికి మా ఆరేళ్ల పాప బుజ్జమ్మ అని పేరు పెట్టింది. ఈమధ్య చారల పిల్లల్ని కూడా వెంటేసుకొస్తోంది. సంక్రాంతికి మా స్నేహితుడి బావమరిది పలమనేరు వైపు నుంచి వస్తున్నాడు. కనుమ రాత్రి గిన్నె కొట్టి పిలిచి, డాబా మీద నుంచి నాటు తుపాకీతో ఒకదాన్ని కొడదామని ప్లాన్. పక్క పొలం రైతు రాగి పోయిందని ఎప్పటి నుంచో గోల పెడుతున్నాడు, ఆయనకూ మేలు చేసినట్టే కదా అంటున్నారు. నేను వద్దంటే ‘నువ్వు మటన్ తినవా?’ అని నవ్వుతున్నారు. తింటాను. మరి నాకెందుకు ఇంత టెన్షన్? ఇది ఉత్త సెంటిమెంటా? అటవీ శాఖకు చెబితే స్నేహితుడికి ద్రోహం చేసినట్టా?
— పేరు వద్దన్న పాఠకుడు, బెంగళూరు

సమాధానం: ఉత్త సెంటిమెంటు కాదండీ. మీ టెన్షన్‌కు మన భాషలో ఎప్పటి నుంచో ఒక పేరుంది. నమ్మించి గొంతు కోయడం అంటారు. మనుషుల మధ్య జరిగితే ఎవరూ మీమాంస పడరు. ఇక్కడ నమ్మింది నాలుగు కాళ్లది కాబట్టి మీ స్నేహితులు నవ్వగలుగుతున్నారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ని తిడతాం సరే, తినబెట్టి పక్కటెముకలు లెక్కపెట్టేవాణ్ని ఏమని తిట్టాలో పెద్దలు సామెత కట్టలేదు. అలాంటివాడు వస్తాడని ఊహించి ఉండరు.

కనుమ సంగతి ముందు చెప్పేస్తాను. పశువుల కొమ్ములకు రంగులేసి, వాటికి పెట్టి తర్వాత మనం తినే పండగ కదా, ఆ రోజా ఇలాంటి పని అని మిమ్మల్ని నేను ఊదరగొట్టను. మా మదనపల్లి వైపు కనుమ రోజు మాంసం ఉడకని ఇల్లు వెతుక్కోవాలి. మీ తప్పొప్పులు తేల్చడానికి పండగ అవసరం లేదు, ఆ గిన్నె చాలు.

మీరు రెండేళ్లుగా వేసింది మేత. కనుమ రాత్రి వేయబోయేది ఎర. గుమ్మడికాయ అదే, గిన్నె అదే, కొట్టే దెబ్బలు కూడా అవే నాలుగు. పందికి తేడా తెలిసే దారి లేదు, తేడా అంతా డాబా మీద కూర్చున్నవాడి మనసులో ఉంది. అడవిలో వేటకెళ్లినవాడికీ పందికీ మధ్య బోలెడు అడ్డాలుంటాయి. దాని ముక్కు, దాని చెవి, చీకటి, పొద, అన్నిటికంటే ముందు మనిషి వాసన తగిలితే పరుగెత్తించే భయం. ఆ భయాన్ని మీరు శనివారం శనివారం కొద్దికొద్దిగా గీకి తీసేశారు. ఇప్పుడు దాన్ని కొట్టడానికి వేటగాడు అక్కర్లేదు. గిన్నె కొట్టడం వచ్చినవాడు చాలు, మీ పాప కూడా కొట్టగలదు.

1902లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో ఎలుగుబంటి వేటకు వెళ్లాడు. ఆయనకు ఒక్కటీ దొరకలేదు. వెంట ఉన్నవాళ్లు ఒక ఎలుగును పట్టి, చెట్టుకు కట్టేసి, కాల్చమన్నారు. కట్టేసినదాన్ని కాల్చడం వేట కాదని ఆయన తుపాకీ ఎత్తలేదు. పిల్లలు చంకలో పెట్టుకు తిరిగే టెడ్డీబేర్ ఆ సంగతిలోంచి పుట్టిందే. కథ చెప్పేవాళ్లు మామూలుగా ఒక ముక్క వదిలేస్తారు. అప్పటికే బాగా దెబ్బలు తిన్న ఆ ఎలుగును చంపేయమని చెప్పింది కూడా ఆయనే. తన చెయ్యి పడలేదు, అంతే. ఎలుగు మాత్రం చచ్చింది.

ఇదెందుకు చెబుతున్నానంటే, కనుమ రాత్రి మీరు లోపల గదిలో కూర్చుని ‘నేను కాల్చలేదు’ అనుకునే అవకాశం బాగా ఉంది. మీ ఉత్తరంలో ఆ వాసన కొంచెం తగిలింది నాకు. కట్టేసిన తాడు మీదే. రెండేళ్లపాటు మెల్లగా పేనారు దాన్ని.

ఇక మటన్. ఇది తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదు, నేనూ తింటాను. ఇంట్లో పిలిచి మేత పెట్టిన పొట్టేలును జాతరకు కోయమా? కోస్తాం. అది కూడా మనల్ని నమ్మిందే. దానికీ దీనికీ తేడా నాకు కనిపించినంత వరకు ఇది. పొట్టేలు పుట్టిన దగ్గర్నుంచి దాని కాపలా మనది. కుక్కల నుంచి, చిరుతల నుంచి, గాలికుంటు నుంచి కాచాం, వానకు కొట్టంలో కట్టాం, రోగమొస్తే డాక్టర్ని పిలిచాం. దాని బతుక్కి పూచీ తీసుకున్నవాడు చివర్న కత్తి పట్టాడు. అది న్యాయమా కాదా అన్నది వేరే పెద్ద వాదన, దాన్ని ఈ ఉత్తరంలో తేల్చను. కానీ బుజ్జమ్మకు మీరు ఏ కాపలా కాశారు? సోమవారం పొద్దున్నే కారెక్కి వచ్చేస్తారు. దానికున్న ఒకే ఒక్క కాపలా దాని భయం. దాన్ని మీరు తీసేసుకుని, బదులుగా వారానికి రెండు పూటల చల్లన్నం ఇచ్చారు. పొట్టేలుతో పోలిక పెట్టాలంటే ముందు పొట్టేలుకు చేసినంత చెయ్యాలి కదా.

‘లైసెన్సు, పర్మిషన్ అన్నీ తెచ్చుకుంటే?’ అని మీ స్నేహితుడు అడగవచ్చు. 2015లో జింబాబ్వేలోని హ్వాంగే పార్కు దగ్గర సెసిల్ అనే సింహాన్ని ఒక అమెరికన్ దంతవైద్యుడు చంపాడు. టూరిస్టుల జీపులు పక్కన ఆగినా పట్టించుకోనంతగా అలవాటైన సింహం అది, మెడలో పరిశోధకులు కట్టిన కాలరు కూడా ఉంది. కళేబరాన్ని ఎరగా పెట్టి పార్కు బయటకు రప్పించి కొట్టారు. ఆ వైద్యుడి కాగితాలు సరిగానే ఉన్నాయని అక్కడి ప్రభుత్వం చివరికి కేసు పెట్టలేదు. లోకం మాత్రం ఆయన్ని క్షమించలేదు. దక్షిణాఫ్రికాలో ఇంకో రకం ఉంది, పిల్లప్పుడు టూరిస్టుల ఒళ్లో పాలు తాగించి పెంచిన సింహాల్నే పెద్దయ్యాక కంచె లోపల వదిలి డబ్బున్నవాళ్ల చేత కాల్పిస్తారు. ఆ వ్యాపారాన్ని ఆపేస్తామని అక్కడి ప్రభుత్వం 2021లో ప్రకటించింది. వేటను సమర్థించేవాళ్లే చాలామంది దాన్ని వేట అనడానికి సిగ్గుపడతారు.

మీకైతే కాగితాలు కూడా లేవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం లెక్కలో కాల్చడం ఒక్కటే వేట కాదు. ఉచ్చు పెట్టడం, తరమడం, ఎర వేయడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటే. అంటే తుపాకీ పేలకముందే, ఆ ఉద్దేశంతో గిన్నె మీద దెబ్బ పడగానే చట్టం ప్రకారం వేట మొదలైనట్టు. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూల్లో, అంటే చట్టం కాపాడే జంతువుల రెండో జాబితాలో ఉంది. మనుషులకో, నిలబడ్డ పంటకో ప్రమాదంగా మారిన జంతువును చంపడానికి అధికారి రాతపూర్వకంగా, కారణాలు చూపించి అనుమతి ఇవ్వవచ్చు. బావమరిది పలమనేరు నుంచి రావడం అందులోకి రాదు. పట్టుబడితే మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. ఆ నాటు తుపాకీకి లైసెన్సు ఉందో లేదో మీరు రాయలేదు. రాష్ట్రం దాటించి తీసుకొస్తే దాని గొడవ వేరే. ఇంకోటి, చాలామందికి తెలియదు. వేటాడిన అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. కూర వండుకున్నా ఆ కూర మీది కాదు.

చట్టం అక్కడితో చాలు. మీ స్నేహితుల్ని తిట్టి మిమ్మల్ని మంచివాణ్ని చేసి వదిలిపెట్టేలా ఉన్నాను, అది కుదరదు.

నా సంగతొకటి చెబుతాను. బన్నేరుఘట్ట రోడ్డులో మేం మొదట్లో ఉన్న అపార్ట్‌మెంటుకు కోతులు వచ్చేవి. ఎడమ చెవి చిరిగిన ఒక ముసలి కోతి వంటింటి కిటికీ దగ్గర కూర్చునేది. రోజూ పొద్దున సగం చపాతీ ఇచ్చేదాన్ని. లాక్కునేది కాదు, చెయ్యి చాపి, అరచెయ్యి పైకి తిప్పి, పెట్టేదాకా ఆగేది. నాకు అదొక గొప్ప. మూడు నెలల తర్వాత అది కింద ఫ్లాట్లో వంటింట్లోకి దూరి, అడ్డొచ్చిన పెద్దావిడ చెయ్యి గీరింది. అసోసియేషన్ వాళ్లు ఎవర్నో పిలిపించి బోను పెట్టించారు. అనుమతి ఉందా అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మంద మొత్తం గోడ మీద నుంచి అరుస్తుంటే బోనులోకి మొదట వెళ్లింది చెవి చిరిగినదే. దానికి మనుషులంటే భయం లేదు మరి. నేను కిందకు దిగి దగ్గరికి వెళ్తే, ఊచల్లోంచి చెయ్యి చాపింది. అరచెయ్యి పైకి తిప్పి.

దాన్ని ఎక్కడ వదిలారో తెలియదు. ఆ తర్వాత పదేళ్లుగా నేను ఏ జంతువుకూ చేత్తో ఏదీ పెట్టలేదు. సత్యమంగళం దారిలో ఏనుగులకు చెరుకు గడలు విసిరే లారీ డ్రైవర్లను చూసినా, నంది కొండ మీద కోతులకు చిప్స్ ఇచ్చే పిల్లల్ని చూసినా, ప్రేమ అనుకోలేకపోతున్నాను.

మనం పెట్టే ముద్దతో ఉన్న చిక్కు ఇదే. జంతువు ‘ఈ ఇంటివాళ్లు మంచోళ్లు’ అని నేర్చుకోదు, ‘మనిషి మంచోడు’ అని నేర్చుకుంటుంది. నీలగిరిలో మసినగుడి వైపు రివాల్డో అని జనం పేరు పెట్టుకున్న మగ ఏనుగు ఉండేది. తొండానికి దెబ్బ తగిలినది. ఇళ్ల దగ్గర, రిసార్టుల దగ్గర పళ్లు పెట్టి దాన్ని ఊరి ఏనుగును చేశారు. 2021 మేలో అటవీ శాఖ దాన్ని దుంగల బోనులో పెట్టాల్సి వచ్చింది. ఆగస్టులో ముదుమలై అడవి లోపలికి తీసుకెళ్లి వదిలితే, దాదాపు 40 కిలోమీటర్లు నడిచి పాత చోటుకే వచ్చేసింది. అదే మసినగుడిలో అదే ఏడాది జనవరిలో, ఒక రిసార్టు దగ్గరికి వచ్చిన ఇంకో ఏనుగు మీద మండుతున్న టైరు విసిరారు. ఆ ఏనుగు బతకలేదు. పళ్లు పెట్టే చెయ్యి, టైరు విసిరే చెయ్యి ఒకే ఊళ్లో ఉన్నాయి. చీకట్లో నడిచొచ్చే జంతువు వాటిని వేరు చేయలేదు. మీరు ఈ బావమరిదిని ఆపినా, గిన్నె చప్పుడు విన్న ఇంకెవరో ఇంకో రాత్రి గిన్నె కొడతారు.

ఇప్పుడు పక్క పొలం రైతు. ఆయన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు మీరు. నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం అదే. మీరు శని, ఆదివారాలు అన్నం పెట్టారు. మిగతా ఐదు రాత్రులు బుజ్జమ్మ పిల్లల్ని వేసుకుని ఎక్కడ తింటోందనుకున్నారు? మీ వంటింటి వెనక గుంటకూ ఆయన రాగి చేనుకూ మధ్య ఎంత దూరం ఉందో ఈసారి వెళ్లినప్పుడు నడిచి చూడండి. అడవి పంది పంటను తినడమే కాదు, తిన్నదానికంటే ఎక్కువ తొక్కి, తవ్వి పోతుంది. ఆ మనిషి రాత్రిళ్లు మంచె మీద డబ్బా కొట్టుకుంటూ పందిని తరుముతుంటే, కంచెకు ఇవతల మీరు గిన్నె కొట్టి పిలుస్తున్నారు. రెండూ రేకు చప్పుళ్లే. పాపం ఆ పంది దేన్ని నమ్మాలి?

అందుకే ఆ రైతే చట్ట ప్రకారం అనుమతి తెచ్చుకుని పందిని కొట్టిస్తే నేను ఆయన్ని ఒక్క మాట అనను. ఆయన దాన్ని ఎన్నడూ పిలవలేదు, ఆయనకూ దానికీ మధ్య ఏ నమ్మకమూ లేదు. కేరళలో 2022లో పంట పాడుచేసే అడవి పందుల్ని కాల్పించే అధికారాన్ని పంచాయతీల దాకా ఇచ్చారు, దాని మీద వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి. అది రైతు బాధలోంచి వచ్చిన వాదన. మీ స్నేహితులు ఆ బాధను అరువు తెచ్చుకుని మసాలాలో కలుపుతున్నారు. రైతు మేలు అంతగా పట్టి ఉంటే రెండేళ్ల కిందటే గిన్నె ఆగేది.

సరే, ఏం చెయ్యాలి?

భోగికి ముందే మీ స్నేహితుడితో మాట్లాడండి. బావమరిది ముందు కాదు. అత్తింటివాళ్ల ముందు ఏ మగాడూ వెనక్కి తగ్గడు. ‘పాపం రా, పిల్లలున్నాయి’ అని మొదలుపెట్టకండి, మళ్లీ మటన్ దగ్గరికే వస్తారు. ‘దాన్ని పిలిచింది మనం, మనం పిలిస్తేనే వస్తుంది, అలా పిలిచి కొడితే రేపు ఆ ఇంట్లో నేను అన్నం తినలేను’ అనండి. అది నిజం కూడా. స్థలంలో మీకు నాలుగో వంతు వాటా ఉంది, కేసైతే మీ పేరూ ఉంటుందని కూడా చెప్పండి. కొందరికి మనస్సాక్షి కంటే ఎఫ్ఐఆర్ తొందరగా అర్థమవుతుంది. ఆ బావమరిదికి పనికొచ్చే దారి కూడా చూపించండి. అనపకాయల సీజను, పితికిపప్పు కూరలో నాటుకోడి వేసి రాగి సంకటి చేస్తే పలమనేరు మనిషి కాదనడు.

అయినా వినకపోతే కర్ణాటక అటవీ శాఖ హెల్ప్‌లైన్ 1926కు ఫోన్ చేయండి. ద్రోహమా అని అడిగారు. చేస్తానని ముందే అతని మొహం మీద చెప్పి, ఆ తర్వాత చేస్తే ద్రోహం కాదు. చెప్పకుండా చేస్తే మాత్రం, పందికి వాళ్లు చేయబోయేదే మీరు వాళ్లకు చేసినట్టవుతుంది.

తర్వాత మేత మానేయండి. తగ్గించుకుంటూ పోవడం వద్దు, ఆపేయండి. ఆకలితో చస్తాయేమో అని మీకు అనిపిస్తుంది. ఆ అనుమానం పూర్తిగా పిచ్చిది కాదు. అమెరికాలో యెల్లోస్టోన్ పార్కులో ఎలుగులు దశాబ్దాలపాటు హోటళ్ల చెత్తకుప్పల మీద బతికాయి. 1970 నాటికి ఆ కుప్పల్ని మూసేస్తే అవి టెంట్ల వైపు తిరిగాయి, చాలావాటిని చంపాల్సి వచ్చింది. కానీ అవి తరాల తరబడి అలవాటైనవి. బుజ్జమ్మది వారానికి రెండు రాత్రుల చిరుతిండి, దుంప ఎక్కడుందో మట్టి పైనుంచి పసిగట్టే ముక్కు దానికింకా ఉంది. గుంట పూడ్చేయండి. తొక్కలు, ఎముకలు మూత ఉన్న డబ్బాలో బెంగళూరు తెచ్చుకోండి. కొన్ని వారాలు అవి వచ్చి వెతుకుతాయి, గట్టిగా అరిచి, లైటు కొట్టి తరమండి. బాధగా ఉంటుంది, అయినా చేయండి. ఆ రోజుల్లో పాపను రాత్రిపూట వెనక వాకిట్లోకి పంపకండి. అలవాటైన తిండి దొరకని తల్లిపంది, వెంట పిల్లలు, మధ్యలో ఆరేళ్ల పిల్ల అంటే తలుచుకోవడానికే నాకు గుండె జారుతోంది. బిర్యానీ ముక్కలు, పంది మాంసం మిగుళ్లు ఎప్పుడైనా వేసి ఉంటే అది ఇంకో తప్పు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బు పంది మాంసం మిగుళ్లలోంచి కూడా అంటుకుంటుంది. 2024 జనవరిలో ముదుమలైలో అడవి పందులు ఆ జబ్బుతో చనిపోయాయి. మనుషులకు రాదు గాని మందకు మందనే తుడిచేస్తుంది.

రైతు దగ్గరికి వెళ్లండి. నలుగురూ వెళ్లనక్కర్లేదు, మీరొక్కరు చాలు. పందుల్ని అలవాటు చేసింది మేమేనని చెప్పండి. తిడతాడు, కన్నడంలో తిడతాడు, అర్థమైనంత వరకు వినండి. పంట నష్టానికి అటవీ శాఖ పరిహారం ఇస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టడం, ఫొటోలు ఎక్కించడం ఆయనకు కష్టం, మీకు పది నిమిషాల పని. అడవి వైపు సోలార్ కంచె వేసుకుంటానంటే నలుగురూ తలా కొంత వేయండి. మెయిన్ లైను నుంచి కరెంటు తీగ లాగుతానంటే మాత్రం ఒప్పుకోకండి, దాని మీద పందులే కాదు, ఏనుగులు పోతాయి, మనుషులూ పోతారు.

పాపకు ఏం చెప్పాలని మీరు అడగలేదు, కానీ అడగాలని ఉంది మీకు. బుజ్జమ్మ ఊరెళ్లిందని కథలు చెప్పకండి. ఇకనుంచి మనం పిలవం, మనం పిలిస్తే వచ్చేలా ఉంటే ఎవరు పిలిచినా వచ్చేస్తుంది అని చెప్పండి. ఆరేళ్ల పిల్లలకు ఇది అర్థమవుతుంది. తెలియనివాళ్లు చాక్లెట్ ఇస్తే తీసుకోవద్దని మనం వాళ్లకు చెప్పేది కూడా ఇదే కదా. ఏడిస్తే ఏడవనివ్వండి. చారల పిల్లలకు కొన్ని నెలల్లో చారలు పోతాయని, అడవిలో దూరం నుంచి కనబడితే గుర్తుపట్టలేమని కూడా చెప్పండి.

ఆ స్టీలు గిన్నె, గరిటె మాత్రం ఈ శనివారమే కారులో వేసుకుని ఇంటికి తెచ్చేయండి.